ఆచార్య నాగార్జునుడు

కృష్ణవేణీ తీరమున బౌద్ధధర్మము వర్ధిల్లిన దినములలో ధాన్యకటకము, జగ్గయ్యపేట, విజయపురి మున్నగు స్థలములు స్తూపములతోను, విహారములతోను విలసిల్లెను. ఆ తీరముతో పేరు పెనవేసికొన్న మహనీయులలో ఆచార్య నాగార్జునుడు అగ్రగణ్యుడు. అతడు క్రీ.శ. 2, 3 శతాబ్దుల ప్రాంతమున, శాతవాహనుల ప్రాభవము అస్తమించుచున్న కాలమున జీవించెనని పండితుల అభిప్రాయము. మనుజుడు దినమునకు వేయిమారులు పలుకు నేనను మాటకు అర్థమేమి? తలపులకును అహంకారమునకును వేరుగా ఆత్మ కలదా? ఈ ప్రశ్నకు అతడొసగిన సమాధానము చీనా, తిబ్బతు, జపాను దేశములకు వ్యాపించి నేటికిని పఠింపబడుచున్నది.

అతని ప్రాచీన జీవితచరిత్ర చీనా భాషయందున్నది. దానిని 5వ శతాబ్ది ప్రారంభమున కుమారజీవ పండితుడు రచించెనని ప్రసిద్ధి. దాని ననుసరించి నాగార్జునుడు దక్షిణాపథమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించి బాల్యముననే వేదములు నేర్చెను. యౌవనమున ముగ్గురు మిత్రులతో గూడి అదృశ్యవిద్య సాధించి రాజాంతఃపురము ప్రవేశించెనట. అడుగుజాడలను బట్టి భటులు కత్తులు ఝళిపింపగా మిత్రులు మువ్వురును హతులైరి. నాగార్జునుడు రాజు చెంతనే కదలక నిలిచి ప్రాణములు దక్కించుకొనెను. దేహమును కంటికి కనబడకుండ చేసికొనినను కోరిక మాత్రము మాయము కాలేదు. దుఃఖమునకు కామమే మూలమని గ్రహించి అతడు భిక్షువయ్యెను.

అతని ప్రధాన గ్రంథము మూలమధ్యమకకారిక. ఇందు 27 ప్రకరణములు, సుమారు 450 శ్లోకములు కలవు. 18వ ప్రకరణము ఆత్మపరీక్ష. అందలి విచారము తేటమాటలలో నిట్లుండును. దేహమును, తలపులను ఆత్మ యనుకొన్నచో, అవి క్షణక్షణము పుట్టి గిట్టునట్లే ఆత్మయు పుట్టి గిట్టవలెను. అప్పుడు ప్రొద్దున కోపించినవాడు వేరు, సాయంకాలము పశ్చాత్తాపపడినవాడు వేరు కావలసివచ్చును. వానికి వేరుగా ఆత్మ కలదన్నచో, తలపుగాని జ్ఞాపకముగాని సుఖదుఃఖములుగాని లేని ఆ వస్తువును ఏ లక్షణముచే గుర్తింపగలము? పొయ్యిలోని నిప్పు కట్టె కాదు. కట్టెను విడిచి నిలువనులేదు. అద్దము నాశ్రయించి ముఖబింబము తోచునట్లు, దేహమనస్సుల నాశ్రయించి అహంభావము తోచుచున్నది.

అట్లని ఆత్మ బొత్తిగా లేదని పట్టుబట్టుటయు అతనికి సమ్మతము కాదు. బుద్ధులు వినువారి స్థితిని బట్టి ఆత్మ కలదనియు, లేదనియు, ఆ రెండును కాదనియు బోధించిరని అతడు వివరించెను. నేను, నాది యను పట్టు సడలుటయే ముఖ్యము.

చేయువాడు స్థిరముగా లేనిచో పాపపుణ్యముల ఫలమెవనికి, ధర్మమేమగునని ప్రతిపక్షులు ఆక్షేపించిరి. శూన్యమనగా లేమి కాదనియు, ఒకదాని నాశ్రయించి మరియొకటి కలుగుటయే శూన్యతయనియు అతడు సమాధానము చెప్పెను. డెల్టా రైతునకు ఇది క్రొత్త మాట కాదు. విత్తనమే పైరు కాదు. విత్తనము లేక పైరును లేదు. వస్తువులకు మార్పులేని స్వభావమున్నచో దుష్టుడు ఎన్నటికిని దుష్టుడుగనే యుండును, సాధన యంతయు వ్యర్థమగును. స్థిరత్వము లేకుండుట చేతనే మనుజుడు మంచివాడు కాగలడు.

ఈ తత్త్వము లోకసేవకు అడ్డుకాలేదు. రాజునకు హితోపదేశముగా అతడు రచించిన రత్నావళియందు రోగులకును దీనులకును ఆదరణ, బాటసారులకు నీటివసతి, చెరలోనున్నవారికి అన్నము, స్నానము, క్షౌరము, ఔషధము, ఉపాధ్యాయులకు జీవనాధారము విధింపబడినవి. సుహృల్లేఖయను మరియొక హితలేఖను భారతదేశమున విద్యార్థులు తొలుతనే కంఠస్థము చేయుచుండిరని 7వ శతాబ్ది చీనా యాత్రికుడు ఇత్సింగు వ్రాసెను.

వేదాంతులు ఈ నిర్ణయము నంగీకరింపలేదు. తలపులు మారుచున్నను వానిని చూచు సాక్షి మారదని ఆదిశంకరులు సిద్ధాంతీకరించిరి. అరుణాచలమున రమణమహర్షి (1879–1950) నేనెవడనను విచారణచే అహంకారపు మూలమును వెదకుడని బోధించిరి. ఆత్మను గూర్చి ఎంత భేదమున్నను, అహంకారమే ఆత్మయనుకొనుట భ్రాంతియని ఉభయులును చెప్పిరి.

నాగార్జునుని అంత్యమును గూర్చి హ్యూయన్‌త్సాంగు ఒక కథ తెలిపెను. రాజ్యకాంక్షగల రాజకుమారుడు తలను దానమడుగగా, ఆచార్యుడు ఎండుగడ్డిపరకతో శిరస్సు ఖండించుకొని యిచ్చెనట. కథ యెట్టిదైనను, నాది యను మాటను విడిచినవానిగా జనులు అతనిని తలచుకొనిరనుటకు ఇది సాక్ష్యము.

జగ్గయ్యపేట స్తూపము చెంత దొరకిన శాసనము ఒకటి, నాగార్జునాచార్యుని శిష్యుడు జయప్రభాచార్యుడనియు, అతని శిష్యుడు చంద్రప్రభుడు బుద్ధప్రతిమను నిలిపెననియు తెలుపుచున్నది. లిపి కొన్ని శతాబ్దుల తరువాతిదైనను, ఈ సీమలో ఆ పేరునకుగల గౌరవమును అది చాటుచున్నది. అతని పేరు వహించిన కొండచుట్టునుగల లోయ సాగర జలములలో మునిగెను. అందలి శిల్పములు ద్వీపముపై మ్యూజియమున భద్రపరుపబడినవి. విజయవాడ, గుంటూరు నగరముల నడుమ 1976లో వెలసిన విశ్వవిద్యాలయమును అతని పేరనే వెలుగుచున్నది.

దానము చేయదగినవానిలో గ్రంథములను, కలమును, సిరాను సైతము రత్నావళి చేర్చినది. నేనను గోడ పలుచనైనవాడే తాను చదివినది నలుగురికి పంచగలడు. గ్రంథాలయమున పుస్తకము చేతబట్టు ప్రతివానికిని ఆ ఆచార్యుని జీవితము స్మరణీయము.