వాక్కు నెలవు కనుగొన్న వైద్యుడు - పాల్ బ్రోకా

మన పల్లెలలో పెద్దవారికి పక్షవాతము వచ్చి కుడి కాలు, కుడి చేయి పడిపోయినపుడు తరచుగా మాట కూడ పడిపోవును. ఇది మనమందరము ఎరిగిన విషయమే. నిన్నటివరకు రచ్చబండపై కూర్చుండి తగవులు తీర్చిన పెద్దమనిషి నేడు మంచినీరు కావలెనని యడుగజాలక కన్నులతో వెదకుచుండును. ఇంటివారు తమకు తోచిన కారణములు చెప్పుకొందురు. గాలి సోకినదని కొందరు, నాలుక మొద్దుబారినదని కొందరు, మతి పోయినదని కొందరు అందురు. ఈ మూడవ మాట మిక్కిలి హాని చేయునట్టిది. మతి పోయినదని తలచిన వానిని ఇంటిలో ఎవరును సలహా అడుగరు. ఆయన యెదుటనే ఆయన పొలమును గూర్చియు, మనుమరాలి పెండ్లిని గూర్చియు, ఆయన అచ్చట లేనట్లే మాటలాడుకొందురు.

మాట వేరు, మతి వేరు. మాటకు మెదడులో తనదైన చోటు కలదు. ఆ చోటు చెడినచో తెలివి నిలిచియుండగనే మాట పోవచ్చును. ఈ సత్యమును రోగి మంచముకడ పరీక్షించి, మెదడును కన్నులార చూచి, లోకమునకు నిరూపించిన మహనీయుడు ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు పాల్ బ్రోకా. ఆయన గతించి నూట నలువది యేండ్లు దాటినది. అయినను ఆయన చరిత్రము మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల ప్రతి కుటుంబమునకును నేటికిని పనికివచ్చునదియే.

బ్రోకా 1824వ సంవత్సరము జూన్ 28వ తేదీన, ఫ్రాన్సు నైరుతి భాగమున, దోర్దోన్ నది యొడ్డుననున్న సాంత్ ఫ్వా లా గ్రాండ్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి వైద్యుడు, నెపోలియన్ సైన్యమున శస్త్రవైద్యుడుగా పనిచేసినవాడు. తల్లి ప్రొటెస్టంటు మతబోధకుని కుమార్తె. ఈ బాలుడు గణితము, భాషలు, శాస్త్రములు సమానముగా అభ్యసించి, 17 ఏండ్ల వయసున పారిస్ నగరమునకు పోయి వైద్య విద్యాలయమున చేరెను. 1849లో వైద్య పట్టము పొందెను. సూక్ష్మదర్శినితో రాచపుండును పరిశోధించెను. రక్తనాళముల ఉబ్బులను గూర్చి 1856లో పెద్ద గ్రంథమును ప్రకటించెను. 1859లో మానవ జాతుల అధ్యయనమునకై పారిస్‌లో ఒక సంఘమును స్థాపించెను. నాటి ప్రభుత్వమునకు ఇట్టి చర్చలన్న అనుమానము మెండు. అందుచేత సంఘ సమావేశములకు ఒక పోలీసు ఉద్యోగి హాజరగుచుండెను. పోలీసు కూర్చుండియున్న ఆ సభలోనే రెండేండ్లకు మెదడు శాస్త్రము మలుపు తిరిగినది.

ఆ కాలమున విద్వాంసులకు నడుమ ఒక పెద్ద వివాదము చెలరేగుచుండెను. మెదడంతయు ఒకే ముద్దవలె కలిసి పనిచేయునా, లేక ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క పని కలదా యనునది ఆ వివాదము. గాల్ అను జర్మను వైద్యుడు ప్రతి గుణమునకును మెదడులో ఒక చోటు కలదని చెప్పెను. అంతటితో ఆగక, నెత్తిమీది బుడిపెలను తడిమి మనుష్యుని గుణములు చెప్పవచ్చునని వాదించెను. అది సాముద్రికమువంటిదై నవ్వులపాలయ్యెను. దానితో ఆ వాదమునందలి మంచి భాగము కూడ మరుగునపడెను. బుయ్యో అను వైద్యుడు మాత్రము మాట మెదడు ముందుభాగమున నున్నదని 1825 నుండియు పట్టుపట్టుచు వచ్చెను. 1861లో ఆయన అల్లుడు ఒబుర్తాన్, బ్రోకా స్థాపించిన సభలో ఆ వాదమునే మరల లేవదీసెను. మాట పోయిన రోగి మెదడు ముందుభాగమున దెబ్బ లేదని తేలినచో తన వాదమును విడిచిపెట్టుదునని ఆయన నిండు సభలో పందెము వైచెను.

వాదముతో తేలని విషయమును ఒక నిరుపేద రోగి తేల్చెను. పారిస్ దాపుననున్న బిసేత్ర ఆసుపత్రిలో లెబోర్న్ అను నాతడు 21 ఏండ్లుగా నుండెను. అతడు చెప్పులు కుట్టువారికి కొయ్య అచ్చులు చేసి బ్రదికిన పనివాడు. చిన్ననాటినుండి మూర్ఛలు వచ్చుచుండెను. సుమారు 30 ఏండ్ల ప్రాయమున మాట పోయెను. ఏమి యడిగినను టాన్ టాన్ అను ఒక్క ధ్వని తప్ప మరేమియు పలుకడు. అందుచేత ఆసుపత్రిలో వానికి టాన్ అనుటయే పేరైపోయెను. మాట పోయిన సుమారు పదేండ్లకు కుడి చేయియు, పిదప కుడి కాలును పడిపోయెను. 1861 ఏప్రిల్ 11న కుడి కాలు కుళ్లుటచే వానిని బ్రోకా చూచుచున్న శస్త్రచికిత్స విభాగమునకు తెచ్చిరి.

రోగి బ్రతుకడని బ్రోకా కనుగొనెను. కాని కాలును మాత్రము చూచి ఊరకుండలేదు. ఆ మనుష్యునితో సంభాషింప యత్నించెను. నాలుక చక్కగా కదలుచుండెను, కంఠస్వరము బాగుండెను, చెప్పినది చాలవరకు గ్రహించుచుండెను. ఎన్ని యేండ్లుగా ఇచ్చట నున్నావని యడుగగా, ఎడమ చేతి వ్రేళ్లను నాలుగు మారులు తెరచి చూపి, పిదప ఒక వ్రేలు చూపెను. అనగా 21. లెక్క సరిగానుండెను. అడిగినదే మరల మరల అడిగినచో కోపగించి, టాన్ అను ధ్వనికి బదులుగా ఒక తిట్టు కూడ పలికెనట! మాట పోయిన వారిలో కొందరు కోపమున తిట్టును, అలవాటైన పాటను, వరుస అంకెలను పలుకగలుగుట మనమును చూడవచ్చును. తలచి చెప్పు మాటకును, అలవాటున దొర్లు మాటకును మెదడులో దారులు పూర్తిగా ఒకటి కావు.

బ్రోకా తన నిర్ణయమే చాలుననుకొనక, ఒబుర్తాన్‌ను పిలిపించి రోగిని చూపెను. ఏప్రిల్ 17న లెబోర్న్ తన 51వ యేట మరణించెను. శవపరీక్ష చేయగా మెదడు ఎడమ సగమున, ముందుభాగపు మూడవ మడతలో కోడిగ్రుడ్డు పట్టునంత గుంట కనబడెను. దెబ్బ చుట్టుప్రక్కలకు కూడ వ్యాపించియుండెను. కాని అన్నిటికంటె పాతబడిన దెబ్బ ఆ మడతలోనిదే యని బ్రోకా గుర్తించెను. మొదట పోయినది మాట. పిదప పోయినవి చేయియు కాలును. కావున మొదటి దెబ్బ తగిలిన చోటే మాటకు నెలవని ఆయన నిర్ణయించెను. మరునాడే ఆ మెదడును సభలో చూపెను.

ఒక్క సాక్ష్యముతో తీర్పు చెప్పువాడు కాడు బ్రోకా. కొలది నెలలకు లెలాన్ అను 84 ఏండ్ల వృద్ధుడు దొరకెను. అతడు పూర్వము మట్టిపని చేసిన కూలీ. ఔను, కాదు, మూడు, ఎల్లపుడు అను నాలుగు మాటలును, వంకరపోయిన తన పేరును మాత్రమే పలుకగలిగెను. ఏ సంఖ్య చెప్పవలసినను మూడనియే నోట వచ్చును; కాని సరియైన లెక్కను వ్రేళ్లతో చూపుచుండెను. అతడు మరణించిన పిదప చూడగా మెదడులో దెబ్బ ఇంచుమించు అచ్చటనే యుండెను. 1863 నాటికి ఇట్టివి ఎనిమిది లెక్కకు వచ్చెను. ఎనిమిదింటను దెబ్బ ఎడమవైపుననే! బ్రోకా ఆశ్చర్యపడెనే గాని తొందరపడలేదు. మరి రెండేండ్లు విచారించి, 1865లో మనము మెదడు ఎడమ సగముతో మాటలాడుదుమని ప్రకటించెను. మార్క్ డాక్స్ అను పల్లెటూరి వైద్యుడు 1836లోనే ఈ సంగతిని గమనించెను. ఆయన వ్రాతను కుమారుడు 1865లో అచ్చువేయించెను. కావున ఆ కీర్తిలో డాక్స్‌కును భాగము కలదు.

ఎడమవైపున దెబ్బ తగిలిన కుడి చేయి ఏల పడిపోవలెనని పాఠకులు అడుగవచ్చును. మెదడు సుమారు కిలోన్నర బరువుగల మెత్తని పదార్థము. అక్రోటు పప్పువలె రెండు సగములు, అనేక మడతలు కలిగియుండును. శరీరమును నడుపు నరముల దారులు మెదడు క్రింద ఒకదానినొకటి దాటి పోవును. అందుచే ఎడమ సగము కుడి దేహమును, కుడి సగము ఎడమ దేహమును నడపును. నుదుటి వెనుక భాగమున ఆలోచన, కదలిక. నడినెత్తి భాగమున స్పర్శ. వెనుక భాగమున చూపు. కణతల భాగమున వినికిడి, జ్ఞాపకము ప్రధానముగా నుండును. వెనుకనున్న చిన్న మెదడు నడకలో తూకమును కాపాడును.

సాగరు ఎడమ కాలువ క్రింద సేద్యము చేయు మన రైతులకు మిగిలినది సులభముగా బోధపడును. ఒక తూము పూడినచో దాని క్రింది మళ్లన్నియు ఎండును. ఎండిన మళ్లను చూచి ఏ తూము పూడినదో పెద్ద రైతు చెప్పగలడు. మెదడునకు రక్తము తెచ్చు నాళములును అట్టివే. ఎడమవైపున ఒక పెద్ద నాళము మాటకు సంబంధించిన మడతలకును, కుడి ముఖమును చేతిని కదల్చు మడతలకును రక్తమిచ్చును. అందు గడ్డ అడ్డుపడినచో కుడి చేయి, నోరు, మాట ఒక్కసారిగా పోవును. బ్రోకా చేసినది పెద్ద రైతు పనియే. ఎండిన మడిని చూచి పూడిన తూమును కనుగొనెను.

ఆయన చూపిన దారిన ఇతరులు నడచిరి. 1874లో వెర్నికె అను జర్మను వైద్యుడు మరియొక చోటును కనుగొనెను. అది ఎడమ కణత వెనుకభాగమున నున్నది. అచ్చట దెబ్బ తగిలినచో రోగి గడగడ మాటలాడును. కాని ఆ మాటలకు అర్థముండదు. ఇతరులు చెప్పినది తనకు బోధపడదు. పలుకుట ఒకచోటను, గ్రహించుట మరియొకచోటను ప్రధానముగా నున్నవని తేలెను. 1878లో బ్రోకాయే మెదడు లోపలి అంచుననున్న ఒక వలయమును వర్ణించెను. ఆ ప్రాంతమునకు భావోద్రేకముతోను, జ్ఞాపకముతోను సంబంధము కలదని తరువాతి శాస్త్రజ్ఞులు తెలిసికొనిరి.

మహనీయుల చరిత్రము వ్రాయునపుడు దోషములను దాచుట ధర్మము గాదు. బ్రోకా వేలకొలది పుర్రెలను కొలిచి, మెదళ్లను తూచి, కొన్ని జాతులు తక్కువవనియు, స్త్రీల తెలివి పురుషుల తెలివికి తక్కువయనియు తలచెను. అది తప్పని తరువాతి శాస్త్రము తేల్చినది. రోగి మంచముకడ అంత జాగ్రత్తగా నడచిన మనుష్యుడు, తన కాలపు దురభిమానము దగ్గరకు వచ్చుసరికి ఆ జాగ్రత్తను విడిచిపెట్టెను. గొప్ప బుద్ధికిని గ్రుడ్డితనము తగులునని దీనివలన మనము నేర్వవలెను.

1880లో ఆయనను ఫ్రాన్సు శాసనసభలోని పెద్దల సభకు జీవితకాల సభ్యునిగా ఎన్నుకొనిరి. కాని ఆ పదవిని ఎక్కువకాలము అనుభవింపలేదు. ఆ యేడే జూలై 9న, 56 ఏండ్ల వయసున, అకస్మాత్తుగా మరణించెను. పారిస్‌లోని ఐఫిల్ గోపురముపై చెక్కిన 72 మంది శాస్త్రజ్ఞుల పేర్లలో ఆయన పేరు కలదు. అంతకంటె గొప్ప స్మారకము వైద్యుల నోట నున్నది. ఆ మడతను నేటికిని బ్రోకా ప్రాంతమనియే పిలుచుచున్నారు.

లెబోర్న్ మెదడును బ్రోకా కోయక భద్రపరచెను. ఆ ముందుచూపు వలన 2007లో దానిని నూతన యంత్రములతో లోలోపలివరకు చిత్రింప గలిగిరి. దెబ్బ పై మడతలోనే కాక, లోపలి నరముల దారులలోను నున్నదని తేలెను. మాటకు ఒక గది మాత్రమే కాక, గదులను కలుపు దారులును కావలెనన్నమాట. దీనితో బ్రోకా మాట అబద్ధము కాలేదు, నిండుదనము పొందెను.

మన తెలుగుదేశమునను ఈ శాస్త్రము వర్ధిల్లుచున్నది. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రి వైద్యులు మతిమరపు వ్యాధిగల 648 మందిని పరిశీలించి 2013లో ఫలితములు ప్రకటించిరి. ఒకే భాష మాటలాడువారికంటె రెండు భాషలు మాటలాడువారికి ఆ వ్యాధి సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా వచ్చినదట. చదువురానివారిలోను ఈ భేదము కనబడినది. పక్షవాతము వచ్చిన 608 మందిని గూర్చి 2016లో ప్రకటించిన ఫలితములలో, తెలివికి లోపము రానివారు రెండు భాషలవారిలో నూటికి 40 మంది, ఒకే భాషవారిలో నూటికి 20 మంది. అంగడిలో తెలుగును ఉర్దూను కలిపి మాటలాడు మన సూర్యాపేట వారికి ఇది సంతోషకరమైన వార్త!

ఈ చరిత్రము వలన మనము చేయవలసినది రెండు విధములు. మూతి వంకరపోవుట, చేయి పడిపోవుట, మాట తడబడుట కనబడినచో అది గాలి కాదు, గ్రహము కాదు. మెదడులోని తూము పూడుటయో, గట్టు తెగుటయో అయియుండును. తక్షణమే 108 వాహనమును పిలువవలెను. గడ్డను కరిగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపు ఈయవలెను. నోట నీరు గాని, మందు గాని పోయరాదు; పొరబారి ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. రెండవది, మాట పోయినవారిని మతి పోయినవారిగా చూడరాదు. వారి యెదుట కూర్చుండి, నెమ్మదిగా, చిన్న చిన్న మాటలతో అడుగవలెను. ఔను కాదులతో బదులీయదగు ప్రశ్నలు వేయవలెను. వ్రేళ్లతో, తలతో, బొమ్మలతో చూపనీయవలెను. బదులు వచ్చువరకు ఓర్పుతో నుండవలెను. వారి భూమి కాగితములపై వేలిముద్ర వేయింపబోవునపుడు, వారికి విషయమును వివరించి, వారి సమ్మతి నెరిగి నడచుకొనవలెను. పలుకు నేర్పు శిక్షణతో పోయిన మాటలో కొంత భాగము మరల రావచ్చును.

ఇరువది యొక్క యేండ్లు టాన్ అని మాత్రమే పలికిన ఒక పనివాని వ్రేళ్ల లెక్కను శ్రద్ధగా చూచిన వైద్యుడు మనుష్యజాతికి తన మెదడును తానెరుగు దారి చూపెను. ఇరువదియైదేండ్లుగా ఊరి వారికి అక్షరమును అందించుచున్న మన గ్రంథాలయము, మాట పోయినవారి మనసును కూడ చదువగల ఓర్పును మన యిండ్లలో పెంపొందించుగాక!