మెట్రిక్ మూడోసారి పాసైన మన సుబ్బారావు గారు

వారానికోసారి మనకిచ్చే నీలం మాత్రను నేను ఏడో తరగతిలో చాన్నాళ్ళు పంపు దగ్గర పారేశాను. వార్డెన్ గారు కోప్పడినా సరే, నిజమే వ్రాస్తున్నాను. అందులో ఇనుముతో పాటు ఫోలిక్ ఆసిడ్ ఉంటుంది. దాని తయారీ వెనుక ఉన్నవారు మన పక్కనున్న భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

వీరు క్లాసు ఫస్టేమీ కాదు. పదమూడేళ్ళప్పుడు కాశీలో అరటిపళ్ళు అమ్ముకుందామని ఇంట్లోంచి పారిపోతే దారిలోనే పట్టుకొచ్చారు. (నేనూ ఆరో తరగతిలో తాడేపల్లిగూడెం స్టేషను దాకా పారిపోయాను. నాకు అరటిపళ్ళ ఆలోచన కూడా లేదు, ఊరికే ఏడుపొచ్చింది.) తండ్రి పోయాక తల్లి వెంకమ్మ గారు నగలమ్మి చదివించారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కోటు తొడుక్కున్నందుకు దొరకు కోపం వచ్చి, ఎం.బి.బి.ఎస్. బదులు చిన్నదైన ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టారు.

అన్నదమ్ములిద్దరు స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టక, విరేచనాలై, నెత్తురు తగ్గి మనిషి ఎండిపోతాడు. 1922లో వీరు అమెరికా వెళ్ళి, రాత్రిళ్ళు ఆసుపత్రిలో చాకిరీ చేస్తూ హార్వర్డులో చదివారు. 1945లో లెడర్లీ కంపెనీలో వీరి బృందం ఫోలిక్ ఆసిడ్ తయారుచేసింది. స్ప్రూకి అది మందయింది. అన్నదమ్ములకు మాత్రం అందలేదు.

1948లో వచ్చిన ఆరియోమైసిన్ కూడా వీరి బృందానిదే. డెబ్బై దాటిన డగ్గర్ గారు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని పట్టారు. ఇది బాక్టీరియాను పొడిచి చంపదు. లోపల ప్రొటీన్లు తయారయ్యే చోట అడ్డం కూర్చుంటుంది. ఇక అది పెరగదు. మిగతా పని మన తెల్లకణాలది. ఇలాంటి మందులకు లొంగని బాక్టీరియా ఇప్పుడు పుట్టుకొస్తున్నాయి. అందుకని బాక్టీరియాను తినే ఫేజ్ వైరస్‌ల ప్రొటీన్లతో వాటి పెరుగుదల ఆపాలని శాస్త్రవేత్తలు చూస్తున్నారు.

నాకు దగ్గరైనది మాత్రం హెట్రజాన్. మా చిన్నాయన కొల్లేరు పక్క చేపల చెరువుల మీద కాపలాకి పోయి కాలు వాచి వచ్చాడు. ఏలూరులో రాత్రిపూట నెత్తురు తీసి చూశారు. బోదకాలు పురుగు పిల్లలు రాత్రే నెత్తుట్లో తిరుగుతాయి. అక్కడిచ్చిన డి.ఇ.సి. మాత్ర 1947లో ఈ బృందం తెచ్చిన హెట్రజానే. జ్వరాలు ఆగాయి గాని కాలు మామూలు కాలేదు.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో అమెరికాలో నిద్రలోనే పోయారు. వయస్సు 53. వెళ్ళాక ఒక్కసారీ భీమవరం రాలేదు.

నీలం మాత్ర ఇప్పుడు మింగుతున్నాను. అన్నం తిన్నాక మింగితే వాంతి రాదు.