సాగర్ వెనుక నిలిచిన మనిషి – డాక్టర్ కె.ఎల్.రావు

విహారయాత్రకు నాగార్జునసాగర్ వెళ్లని వాళ్లు మన హాస్టల్‌లో తక్కువ. గేట్లు చూస్తాం, లాంచీ ఎక్కుతాం, నాగార్జునకొండ మ్యూజియం చూసి వస్తాం. డ్యాము కింద ఉన్న కరెంటు కేంద్రాన్ని గాని, ఆ డ్యాము కోసం శ్రమించిన ఇంజనీరును గాని తలచుకోము. ఆయనే డాక్టర్ కానూరి లక్ష్మణరావు.

ఆయన 1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించారు. తొమ్మిదో ఏట తండ్రిని పోగొట్టుకున్నారు. బడిలో ఆడుకుంటూ దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. ఇంజనీరింగ్ అంటే గీతలు, కొలతలు. ఉన్న ఒక్క కంటితోనే ఆ చదువు చదివి, మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ మాస్టర్స్ పట్టా పొందిన తొలి విద్యార్థి అయ్యారు. రంగూన్‌లో పాఠాలు చెప్పారు. 1939లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుండి పీహెచ్‌డీ పొందారు. స్వదేశానికి తిరిగి వచ్చి మద్రాసు ప్రభుత్వంలోను, తరువాత ఢిల్లీలో కేంద్ర జల విద్యుత్ సంఘంలోను ప్రాజెక్టుల డిజైన్లు చూశారు.

సాగర్ డిజైన్‌లో ఆయనది ముఖ్యపాత్ర. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. సుమారు 124 మీటర్ల ఎత్తున ప్రధాన కట్టను రాతితో కట్టారు. యంత్రాల కన్నా కూలీల చేతులే ఎక్కువ పని చేశాయి. 1963లో రావు గారు కేంద్ర నీటిపారుదల, విద్యుత్ మంత్రి అయ్యారు. అదే ఏడాది పద్మభూషణ్ వచ్చింది. విజయవాడ నుండి మూడుసార్లు లోక్‌సభకు గెలిచారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలిన నాటికి ఆయనే మంత్రి. గంగను కావేరితో కలపాలనే పథకాన్నీ ఆయన ముందుకు తెచ్చారు.

ఇక కరెంటు కేంద్రం సంగతి. అందులో ఎనిమిది యూనిట్లు. ఒకటి 110 మెగావాట్ల మామూలు యూనిట్. పైనుండి వచ్చిన నీరు టర్బైన్‌ను తిప్పి కిందికి పోతుంది, అంతే. మిగతా ఏడు ఒక్కొక్కటి 100.8 మెగావాట్లు. ఇవి రెండు విధాలా తిరుగుతాయి. కరెంటు మిగిలిన వేళ జనరేటరే మోటారై, టర్బైనే పంపై, కిందికి పోయిన నీటిని మళ్లీ జలాశయంలోకి ఎత్తుతుంది. ఎత్తడానికి అయ్యే కరెంటు తిరిగి వచ్చేదానికన్నా ఎక్కువే. అయినా అందరూ స్విచ్ వేసే సాయంత్రానికి ఆ నీరు అక్కరకొస్తుంది.

మొదటి యూనిట్ 1978లో తిరిగింది. అప్పటికి ఆయన మంత్రి కాదు. వెనక్కి ఎత్తాలంటే కింద నీరు నిలవాలి. అందుకు కావలసిన దిగువ కట్ట దశాబ్దాల తరువాత గాని పూర్తి కాలేదు. అది చూడకుండానే 1986 మే 18న ఆయన కన్నుమూశారు. సాగర్‌కు దిగువన ఉన్న పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరు పెట్టారు.

మా తాత సాగర్ పనిలో రాళ్లు మోశాడు. ఆయన పేరు ఏ శిలాఫలకం మీదా లేదు. జలాశయంలో ఊళ్లు మునిగిన వాళ్ల పేర్లూ లేవు. తాత వేలిముద్ర వేసేవాడు. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాడిని నేను. లక్ష్మణరావు గారి జీవితం చదివినప్పుడు నాకు తాత కూడా గుర్తొచ్చాడు. డ్యాముకు గీత గీసిన చేయీ కావాలి, రాయి మోసిన చేయీ కావాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఇన్నాళ్లూ మన ఇళ్లలో రాయి మోసిన చేతులే ఉన్నాయి. ఇకపై గీత గీసే చేతులూ ఉండాలి. రాత్రి హాస్టల్ లైటు కింద పుస్తకం తెరిచినప్పుడు ఈ ఇద్దరినీ తలచుకోండి.