మూడవ సాలార్ జంగ్

మూడవ సాలార్ జంగ్ (జూన్ 13, 1889 - మార్చి 2, 1949) హైదరాబాదు సంస్థానపు దివాను, ప్రఖ్యాత కళావస్తు సేకర్త. ఇతని అసలు పేరు మీర్ యూసుఫ్ అలీ ఖాన్. హైదరాబాదులోని సాలార్ జంగ్ మ్యూజియం ఇతని సేకరణతో ఏర్పడినదే.

బాల్యము, వంశము

ఇతడు పూనాలో జన్మించాడు. నెల నిండక మునుపే తండ్రి రెండవ సాలార్ జంగ్ మరణించడంతో పసితనంలోనే వంశానికి వారసుడయ్యాడు. తాత మొదటి సాలార్ జంగ్ 1853 నుండి 1883 వరకు సంస్థానపు దివాను. మ్యూజియంలో నేడు అందరినీ ఆకర్షించే మేలిముసుగు రెబెక్కా శిల్పాన్ని ఆయన 1876లో రోములో కొన్నాడు. వస్తుసేకరణ ఆ విధంగా వంశపారంపర్యంగా వచ్చింది.

దివాను పదవి

1912లో ఏడవ నిజాము ఉస్మాన్ అలీ ఖాన్ ఇతనిని దివానుగా నియమించాడు. రెండేళ్ళకే, 1914లో, పదవిని వదులుకొని శేషజీవితాన్ని సేకరణకే అంకితం చేశాడు. వివాహం చేసుకోలేదు.

పింగాణి సేకరణ

చైనా, జపాను, జర్మనీ, ఇంగ్లాండు పింగాణితో పాటు ఫ్రాన్సు దేశపు సెవ్ర్ పింగాణిని కూడా ఇతడు సేకరించాడు. సెవ్ర్ కార్ఖానా 1740లో వాన్సెన్ లో మొదలై, 1756లో సెవ్ర్ కు మారి, 1759లో రాజు పదిహేనవ లూయీ సొంతమయింది. పాత్ర అడుగున పెనవేసుకొన్న రెండు ఎల్ అక్షరాలు దాని ముద్ర. 1753 నుండి ఆ ముద్ర నడుమ సంవత్సరాన్ని తెలిపే అక్షరం వేసేవారు. చిత్రకారుని గుర్తు విడిగా ఉండేది.

అయితే ముద్ర ఒక్కటే పాత్ర పుట్టుకకు సాక్ష్యం కాదు. ఇతర కార్ఖానాలు ఆ ముద్రను విరివిగా అనుకరించాయి. 1800 తరువాత సెవ్ర్ వారు అమ్మివేసిన పాత తెల్లపాత్రలపై బయటివారు రంగులు, బంగారుపూత వేశారు. అటువంటి వాటిలో మట్టి అసలుది, అలంకరణ తరువాతిది. గట్టి పింగాణికి కావలసిన తెల్లమట్టి లిమోజ్ సమీపంలో 1768లో దొరికింది. కనుక అంతకు ముందటి సంవత్సరపు అక్షరం గట్టి పింగాణి పాత్రపై కనిపిస్తే అది అనుకరణగా గుర్తించాలి. అసలు పాత్రలను సెవ్ర్ లో భద్రపరచిన కార్ఖానా అమ్మకాల పుస్తకాలతో పోల్చవచ్చు.

కొన్న తరువాతి చరిత్ర వేరు. మూడు తరాలు కొన్న వస్తువులు ఒకే ఇంటికి చేరినపుడు, ఏది తాత కొన్నదో ఏది మనుమడు కొన్నదో వస్తువు తనంతట తాను చెప్పదు. దానితో పాటు నిలిచిన రశీదు, ఉత్తరం, జాబితాలే ఆ సంగతి చెప్పగలవు.

మరణానంతరము

ఇతడు సంతానం లేకుండా 1949లో మరణించాడు. సేకరణ వేలాలలో చెల్లాచెదురై ఉంటే ఆ ఆధారాలు కూడా వస్తువులకు దూరమయ్యేవి. అలా జరగలేదు. వివిధ భవనాలలో ఉన్న వస్తువులను ఒకచోట చేర్చి, 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో మ్యూజియంగా తెరిచారు. జవహర్ లాల్ నెహ్రూ ప్రారంభించాడు. 1961లో పార్లమెంటు చట్టం దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ నది దక్షిణపు ఒడ్డున ఉన్న ప్రస్తుత భవనానికి అది మారింది.