విలియం కేరీ చరిత్రము

కలిమి గల దినములలో దైవమును కొనియాడుట కష్టము కాదు. పెక్కేండ్ల శ్రమ బూడిదయైన దినమున కూడ విశ్వాసము చెడక, మరునాడే తిరిగి పనికి పూనుకొనుట కొందరికే సాధ్యము. అట్టి క్రైస్తవ భక్తులలో విలియం కేరీ యొకడు. తెలుగు అచ్చుపుస్తకముల తొలినాళ్లతో ఆయనకు సంబంధము గలదు గనుక, గ్రంథాలయమునకు వచ్చు ప్రతివారును ఆయన చరిత్రమును తెలిసికొనదగును.

కేరీ 1761వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన ఇంగ్లండునందలి నార్తాంప్టన్ మండలమున పాలర్స్‌పరీ యను పల్లెలో జన్మించెను. తండ్రి తొలుత మగ్గము నేసి, పిదప గ్రామమున బడిపంతులయ్యెను. బాలునకు ఎండ సరిపడకుండుటచే పొలముపని మానిపించి, చెప్పులు కుట్టువానియొద్ద పనికి పెట్టిరి. చేత తోలు, ఒడిలో పుస్తకము! లాటిను, గ్రీకు, హీబ్రూ, డచ్చి, ఫ్రెంచి భాషలను ఆయన చాలవరకు స్వయముగనే అభ్యసించెను. 1781లో డరోతీ యను కన్యను వివాహమాడెను. వారి తొలి కుమార్తె పసితనముననే జ్వరముచే మరణించెను.

తరువాత కేరీ బోధకుడై, క్రీస్తు సువార్తను దూరదేశములకు గొనిపోవలెనని తోడి బోధకులను పురికొల్పెను. అందుకొరకు 1792లో కెటరింగు పట్టణమున ఒక సంఘము ఏర్పడెను. మరుసటి యేడు తానే భార్యాబిడ్డలతో ఓడనెక్కి నవంబరు మాసమున కలకత్తా చేరెను. డరోతీకి ఈ ప్రయాణము ఇష్టము లేదు. కొంతకాలము నిరాకరించి, కడకు చెల్లెలు తోడురాగా బయలుదేరినది.

తెచ్చిన ధనము కొలదికాలముననే వ్యయమైపోయెను. సుందరవనముల చెంత కొన్నాళ్లు కష్టపడి, 1794లో మదనవాటియందలి నీలిమందు కర్మాగారమున కేరీ ఉద్యోగమున కుదిరెను. ఆ యేటనే అయిదేండ్ల కుమారుడు పీటరు విరేచనముల వ్యాధితో చనిపోయెను. ఆ దుఃఖమున డరోతీకి మతి చలించినది. 1807లో మరణించువరకు ఆమె కోలుకొనలేదు. ఒక గదిలో ఆమె ఆక్రందించుచుండగా ప్రక్కగదిలో కేరీ అనువాదము చేయుచుండెను. ఈ భాగమును చదువువారు తేలికగా దాటిపోరాదు. పిలుపు వినినవాడు కేరీ. దానికి మూల్యము చెల్లించినది, రానన్న ఆ యిల్లాలు. విశ్వాసము ఆయన దుఃఖమును మాన్పలేదు. దుఃఖము నడుమ నిలువబడు శక్తిని మాత్రము ఇచ్చెను.

ఆంగ్లేయ కుంపిణీవారు బోధకులకు తావియ్యకుండుటచే, 1800లో కేరీ డేనులవారి యధీనమున నున్న సెరంపూరు చేరి, మార్ష్‌మన్, వార్డు అను మిత్రులతో కూడి ముద్రణాలయమును నెలకొల్పెను. ఏడేండ్ల బోధకు ఫలముగా ఆ సంవత్సరాంతమున కృష్ణపాలుడను వడ్రంగి బాప్తిస్మము పొందెను. 1801లో బెంగాలీ క్రొత్తనిబంధన వెలువడెను. ఆ యేటనే కేరీ ఫోర్టు విలియం కళాశాలలో ఉపాధ్యాయుడయ్యెను. తన జీతములో అధికభాగమును ఉమ్మడినిధికి జమచేసి, స్వల్పముతోనే సంసారమును గడుపుచుండెను. దేశభాషలలో ఆయన చేసిన కృషికి ఇచ్చటి పండితుల సాయము మిక్కిలిగా గలదు.

1812 మార్చి 11వ తేదీ సాయంకాలము ముద్రణాలయమున నిప్పంటుకొనెను. కేరీ అప్పుడు కలకత్తాలో నుండెను. మరునాటి ఉదయమున మార్ష్‌మన్ వచ్చి వార్త తెలిపెను. కాగితపు కట్టలు, అనేక భాషల అచ్చక్షరములు, వ్రాతప్రతులు దగ్ధమయ్యెను. పలుభాషల పదములను కూర్చి కేరీ వ్రాయుచున్న మహానిఘంటువును, తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతిలో కొంతభాగమును అందులోనే పోయినవి. పొగ చల్లారని ఆ శిథిలములను చూచి ఆయన కన్నీరు నిలుపుకొనలేకపోయెను. అయినను దైవమును నిందింపలేదు. అచ్చుయంత్రములు మిగిలినవి, బూడిదను వెదకగా అక్షరములు పోతపోయుటకు వలయు ఉక్కు పోగరలును దొరకెను. కరిగిన లోహమునే మరల పోతపోయించి కొలదినాళ్లలో పని ప్రారంభించిరి. ఇంగ్లండులోని భక్తులు ద్రవ్యమును సమకూర్చిరి.

కేరీ తెలుగు వ్యాకరణము 1814లో అచ్చుపడెను. 1818లో తెలుగు క్రొత్తనిబంధన సెరంపూరున ముద్రితమయ్యెను. కాని ఆ మహానిఘంటువు మరల వెలువడలేదు. దైవము పోయినదంతయు తిరిగి యిచ్చునని కేరీ నమ్మలేదు. మిగిలినదానితో సాగుమని ఆజ్ఞాపించునని నమ్మెను.

ఇట్టివానికి సంతోషమెక్కడిదని యడుగువారు ఆయన తోటను చూడవలసినది. వేకువనే ఆ చెట్లనడుమ ప్రార్థించుట ఆయనకు నిత్యవిధి. ఒకప్పుడు ఇంగ్లండునుండి విత్తనములు వచ్చిన సంచిని నేలపై దులుపగా, కొన్నాళ్లకు స్వదేశపు డెయిజీ పువ్వు ఆ మట్టినుండి మొలిచెను. దానిని చూచి ఆ మహాపండితుడు బాలునివలె ఆనందించెను. 1820లో వ్యవసాయోద్యాన సంఘమును స్థాపించెను. 1823లో వరద వచ్చి తోటను పాడుచేయగా, దానిని తిరిగి నాటించెను.

రెండవ భార్య షార్లెట్టు 1821లోను, పెద్దకుమారుడు ఫెలిక్సు 1822లోను మరణించిరి. అయినను ఆయన కలము ఆగలేదు. 1829లో సహగమనమును నిషేధించు శాసనము తన చేతికి రాగా, ఆదివారమైనను బోధను ఇతరులకు అప్పగించి, సాయంకాలమునకు బెంగాలీలోనికి అనువదించెను. ఆలస్యమైన కొలది ఒక స్త్రీ ప్రాణము పోవునేమో యని ఆయన తొందర. కడపట కలకత్తా వాణిజ్య సంస్థలు దివాలాతీయగా సెరంపూరు నిధులును నశించెను.

1834 జూన్ 9వ తేదీన, 73వ యేట, కేరీ సెరంపూరుననే కన్నుమూసెను. ఆయన అనువాదములలోని లోపములను తరువాతివారు దిద్దిరి. తాను జీవించియున్న కాలముననే ఆయనయు పలుమారులు దిద్దుకొనెను. ఆయనకు ఆనందమనగా కష్టము లేకుండుట కాదు. కష్టము గడచిన మరునాటి ఉదయమున దైవము తనకొక పని మిగిల్చెనని యెరుగుట. కాలిన కాగితములలోనుండి మరల లేచి వచ్చిన ఆ తెలుగు వ్యాకరణమే అందుకు సాక్ష్యము.