యల్లాప్రగడ సుబ్బారావు: రక్తం పెంచే విటమిన్ నుంచి కీమో మందు దాకా

రొమ్ము క్యాన్సర్‌కు కీమో నడుస్తున్న ఇళ్లలో రోజూ వినిపించే మాట కౌంట్. కౌంట్ పడిపోయింది, ఈ వారం కీమో లేదు అని డాక్టర్ అనగానే మందు పనిచేయడం లేదేమోనని అందరికీ భయం పట్టుకుంటుంది. కౌంట్ ఎందుకు పడుతుందో అర్థం కావాలంటే భీమవరంలో పుట్టిన ఒకాయన కథ తెలియాలి.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసర్‌కు కోపమొచ్చి, ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టారు. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరులిద్దరినీ రోజుల తేడాతో తీసుకుపోయింది. ఆ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది. ఆయనకూ వచ్చింది గానీ ఆయుర్వేద వైద్యంతో బతికారు.

ఆ తర్వాత భార్యను ఇక్కడే వదిలి బోస్టన్ వెళ్లారు, మళ్లీ రాలేదు. రాత్రిళ్లు దవాఖానాలో కూలి పని, పగలు చదువు. హార్వర్డ్‌లో ఎంత గొప్ప పరిశోధన చేసినా పర్మినెంట్ ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు.

అక్కడ ఫోలిక్ యాసిడ్ వెంటపడ్డారు. దీని ఆచూకీ మొదట దొరికింది బొంబాయిలోనే. గర్భిణుల్లో, ముఖ్యంగా పేద ముస్లిం స్త్రీలలో రక్తహీనత ఎక్కువగా ఉండటం చూసిన లూసీ విల్స్ అనే బ్రిటిష్ డాక్టరమ్మ, ఈస్ట్ సారం ఇస్తే అది తగ్గుతుందని 1931లో రాశారు. ఆ సారంలోని గుణం ఫోలిక్ యాసిడ్‌దే. 1945లో సుబ్బారావు బృందం దాన్ని ల్యాబులో తయారు చేసింది.

కథ ఇక్కడే తిరిగింది. బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఫోలిక్ రకం మందులిస్తే జబ్బు ఇంకా ముదిరినట్టు కనిపించింది. అయితే ఉల్టా చేద్దాం, ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకుందాం అనుకున్నారు. సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ ఇచ్చింది. 1948లో 16 మంది పిల్లల్లో 10 మందికి కొన్నాళ్లు ఉపశమనం కలిగింది. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకే సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్ రొమ్ము క్యాన్సర్‌పై పనిచేస్తుందని 1951లో జేన్ రైట్ బృందం చూపింది. 1976లో మిలాన్ డాక్టర్లు దాన్ని మరో రెండు మందులతో కలిపి సీఎంఎఫ్‌గా ఇచ్చారు. ఇప్పుడు వేరే మందులే ఎక్కువ వాడుతున్నారు గానీ కౌంట్ సంగతి దాదాపు అంతే.

వేగంగా పెరిగే కణాలను కీమో దెబ్బతీస్తుంది. క్యాన్సర్ కణాలే కాదు, రక్తం తయారయ్యే ఎముకల మూలుగ కూడా అలాంటిదే. తెల్లకణాల్లో ముఖ్యమైన న్యూట్రోఫిల్స్ ఆయుష్షు చాలా తక్కువ, అందుకే అవి ముందు పడతాయి. ప్లేట్‌లెట్లు 10 రోజుల లోపు, ఎర్రకణాలు సుమారు 120 రోజులు ఉంటాయి కాబట్టి హిమోగ్లోబిన్ మెల్లగా దిగుతుంది. చాలా మందులకు 7 నుంచి 14 రోజుల మధ్య కౌంట్ అడుగుకు చేరి, 3-4 వారాలకు కోలుకుంటుంది. కీమో వాయిదా వేసేది ఆ కోలుకోవడం కోసమే. న్యూట్రోఫిల్స్ 500 కన్నా తగ్గితే ప్రమాదం. జ్వరం 100.4 డిగ్రీలు వచ్చిందంటే తెల్లారేదాకా ఆగొద్దు, అర్ధరాత్రైనా దవాఖానాకు వెళ్లాలి.

రక్తం పెరుగుతుందని ఫోలిక్ యాసిడ్ మాత్రలు సొంతంగా కొనివ్వడం మన దగ్గర మామూలే. కీమోలో ఉన్నవాళ్లకు డాక్టర్‌ను అడగకుండా ఇవ్వకూడదు. మెథోట్రెక్సేట్ పెద్ద డోసు ఇచ్చాక మామూలు కణాలను కాపాడటానికి ల్యూకోవోరిన్ అనే ఫోలేట్ మందును డాక్టర్లే గంటలు లెక్కపెట్టి ఇస్తారు.