ఘంటసాల గారికీ మైకు ముందు భయమే

డిసెంబరు నెల వచ్చిందంటే మనకు 17వ తేదీ పెన్షనర్ల దినం గుర్తుకు వస్తుంది. అదే నెల 4వ తేదీ కీర్తిశేషులు ఘంటసాల వెంకటేశ్వరరావు గారి పుట్టినరోజు. ఈ రెండింటినీ కలిపి నాలుగు మాటలు వ్రాయడానికి ఒక కారణం ఉన్నది. మన సభ్యులలో చక్కగా పాడగలిగిన వారు చాలామందే ఉన్నారు. మా చంద్లాపూర్‌లో భజన జరిగితే తెల్లవారేదాకా గొంతెత్తి పాడేవారు నాకు తెలుసు. కానీ సంఘం సమావేశంలో వేదిక మీదికి రమ్మని పేరు పిలవగానే, గొంతు బాగాలేదనో, ముందుగా చెప్పలేదనో వెనక్కి జరుగుతారు. ముప్పై ఏండ్లు ఫైళ్ళు నడిపినవారికి తమ వీడ్కోలు సభలో రెండు ముక్కలు మాట్లాడేసరికి చెమటలు పట్టడం మనం చూసిందే. దీనినే పెద్దలు సభాకంపం అన్నారు. అది ఉన్నవారందరూ ఘంటసాల గారి తొలి రోజుల సంగతి తెలుసుకోవాలి.

ఆయన 1922లో కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్య గారు మృదంగం వాయిస్తూ భజనలు చేసేవారు. కొడుకును భుజం మీద ఎక్కించుకొని ఉత్సవాలకు తీసుకుపోయేవారు. తండ్రి తరంగాలు పాడితే పిల్లవాడు నాట్యం చేసేవాడు. జనం ముచ్చటపడి బాలభరతుడని పేరు పెట్టారు. ఆ వయసులో ఆయనకు జనమంటే భయం లేదు. ఎవరేమనుకుంటారో అన్న ఆలోచన పుట్టిన తరువాతనే కదా ఎవరికైనా వణుకు మొదలయ్యేది.

తండ్రి చిన్నతనంలోనే పోయారు. మేనమామ అండన పెరుగుతున్న రోజులలో, ఒక కచేరీలో విద్వాంసులతో పోటీకి దిగి ఓడిపోయి నలుగురిలో నవ్వులపాలయ్యారు. మరొకరైతే ఇక జన్మలో పాట జోలికి పోకూడదనుకొని ఇంట్లో కూర్చునేవారు. ఆయన మాత్రం ఆ నవ్వుకు జవాబు విద్యతోనే చెప్పాలనుకున్నారు. వేలి ఉంగరం అమ్ముకొని, ఆ డబ్బుతో విజయనగరం సంగీత కళాశాలకు బయలుదేరారు. తీరా వెళితే అది వేసవి సెలవుల కాలం. చివరకు పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి ఉచితంగా విద్య చెప్పారు. గురువుగారిదీ పేదరికమే కనుక, శిష్యుడు జోలె కట్టుకొని ఇంటింటా మాధూకరం ఎత్తుకొని కడుపు నింపుకున్నారు. ఆకలితో పరాయి గడప ముందు నిలబడ్డవానికి సిగ్గు అనేది చాలావరకు కరిగిపోతుందని నా అభిప్రాయం.

1942 క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్ళి వచ్చారు. 1944లో వివాహమైంది. తన పెళ్ళిలో తానే కచేరీ చేశారు. ఆ తరువాత సముద్రాల రాఘవాచార్య గారి ప్రోత్సాహంతో మద్రాసు చేరి, పానగల్ పార్కులో పడుకొని అవకాశాల కోసం తిరిగారు.

అప్పుడు వచ్చింది వాహినీ వారి స్వర్గసీమలో నేపథ్యగానం. ఆ చిత్రం 1945లో విడుదలైంది. భానుమతి గారి పక్కన నిలబడి పాడాలి. ఆమె వయసులో ఆయనకంటే మూడేండ్లు చిన్న. కానీ అప్పటికే ఆమె పేరున్న నటి, గాయని. ఆ కాలంలో ఇప్పటిలాగా ముక్కలు ముక్కలుగా పాడి అతికించే వీలు లేదు. గాయకులు, వాద్యగాళ్ళు అందరూ ఒకేసారి పాడి వాయించాలి. ఒకరు తప్పితే అందరూ మళ్ళీ మొదటికి రావలసిందే. శాస్త్రీయ సంగీతం నేర్చి, కచేరీలు చేసి, జైలు కూడా చూసి వచ్చిన మనిషి మైకు ముందు భయపడ్డారు. నాగయ్య గారు, భానుమతి గారు ధైర్యం చెప్పి పాడించారు. పారితోషికం రూ. 116 ముట్టింది.

ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఒకటున్నది. భయపడినంత మాత్రాన విద్య లేదని కాదు. విద్య ఉన్నంత మాత్రాన భయం పోతుందనీ కాదు. సాధన చేసిన గొంతు ఎలాగూ సిద్ధంగా ఉంటుంది. పక్కనున్నవారు చెప్పే ఒక్క మంచి మాటతో అది బయటికి వస్తుంది. ఆ రోజు ఆ ఇద్దరూ విసుక్కొని ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే గుండె ఝల్లుమంటుంది.

ఆ తరువాతి చరిత్ర మనందరికీ తెలిసిందే. పాతాళభైరవి 1951లో, దేవదాసు 1953లో, మాయాబజార్ 1957లో, లవకుశ 1963లో వచ్చాయి. కరుణశ్రీ గారి పుష్పవిలాపం పద్యాలు ఆయన గొంతులో విని కన్నీరు పెట్టని ఇల్లు లేదు. 1969లో వచ్చిన ఏకవీరలో తనకంటే ఇరవై నాలుగేండ్లు చిన్నవాడైన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారితో కలిసి పాడారు. ఒకప్పుడు తాను బెరుకుగా నిలబడిన చోట ఇప్పుడు పెద్దవాడుగా నిలబడ్డారన్నమాట. 1970లో పద్మశ్రీ వచ్చింది. 1971లో యూరప్, అమెరికాలలో కచేరీలు చేశారు. ఆరోగ్యం దెబ్బతిన్న చివరి దశలో భగవద్గీత పాడి, 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. మా ఊళ్ళోనూ, మీ ఊళ్ళోనూ మైకు పెట్టిన ప్రతి గుడిలో ఆ గీత నేటికీ వినిపిస్తూనే ఉన్నది.

కనుక మిత్రులకు నా మనవి. పాడదలచినవారు ఒక్క పద్యమే తీసుకొని పది రోజులు ఇంట్లో పాడుకోండి. తరువాత మనవళ్ళ ముందు, ఆపైన భజనలో పాడండి. అప్పుడు వేదిక అంత ఎత్తుగా కనిపించదు. ఒంటరిగా జంకు అనిపిస్తే ఇద్దరు కలిసి పాడండి. వినేవారికి అంతకంటే పెద్ద బాధ్యత ఉన్నది. ఎవరైనా చరణం మరిచిపోతే నవ్వకండి, సెల్‌ఫోను చూసుకోకండి, తెలిసినవారు పక్కనుండి అందించండి. మన ఇండ్లలోని పిల్లలు పాడబోయి ఆగిపోతే కసురుకోకుండా మళ్ళీ పాడించండి. ఏ పిల్లవాని గొంతులో ఏమున్నదో ఎవరికి తెలుసు!